పాత ఆర్వీకి కొత్త బ్యాటరీ: నీళ్ళదా, ఏజీఎమ్మా, లిథియమా?

మా బండి 1999 నాటిది. ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మీద కట్టిన 29 అడుగుల క్లాస్ సీ మోటర్‌హోమ్, అంటే ఇల్లులా లోపలే ఉండగలిగే ఆర్వీ; వీ-10 ఇంజను. డాలస్ దగ్గర ఒక రిటైరైన దంపతుల దగ్గర కొన్నాం. కొన్న మొదటి రెండేళ్ళలో ఇంటి వైపు బ్యాటరీలు, అంటే లోపలి లైట్లు, పంపు నడిపేవి, రెండు జతలు చచ్చిపోయాయి. రెండుసార్లూ ఒకే షాపుకి తీసుకెళ్ళాను. రెండుసార్లూ "బ్యాటరీ పోయింది, మార్చాలి" అన్నారు, మార్చారు, బిల్లు వేశారు. మూడో జత కూడా ఛార్జి నిలుపుకోవడం మానేసిన రోజుల్లో తెనాలి నుంచి మా నాన్నగారు వచ్చారు. కరెంటు ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి. మెట్టు కింద ఉన్న బ్యాటరీ ట్రే బయటికి లాగించి, మూతలు తీయించి, టార్చి వేసి చూశారు.

"ఒరేయ్, ఇందులో నీళ్ళెప్పుడు పోశావు?"

"రెండు నెలల కిందటే కొత్తవి వేయించాను నాన్నా. నీళ్ళెందుకు?"

"రెండు నెలల్లో పలకలు బయటపడ్డాయంటే తప్పు బ్యాటరీది కాదు. దీన్ని ఉడకబెడుతున్నదేదో బండిలో ఉంది. ముందు దాన్ని పట్టుకో."

ఉడకబెడుతున్నది ఫ్రిజ్ కింద గుయ్యిమంటూ కూర్చున్న పాత కన్వర్టర్. బయటి కరెంటు ప్లగ్గు పెట్టినప్పుడు 120 వోల్టులని 12 వోల్టులకి దించి, బ్యాటరీని ఛార్జి చేసే పెట్టె అది. మూడు రోజులు ప్లగ్గులోనే ఉంచి కొలిస్తే, బ్యాటరీ ఎప్పుడో నిండిపోయినా 14 వోల్టులు తోస్తూనే ఉంది. టెక్సాస్ ఎండలో అలా తోస్తే నీళ్ళు ఎన్నాళ్ళుంటాయి?

ఈ సంగతి ముందు చెప్పడానికి కారణం ఉంది. పాత ఆర్వీ కొన్న మనవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న "లిథియం వేయమంటారా?" అని. నేను తిరిగి అడిగేది "మీ కన్వర్టర్ ఏది?" అని. పాత బండిలో బ్యాటరీ అన్నది ఒక గొలుసులో చివరి లంకె. దాన్ని నింపేవి మూడు: కన్వర్టర్, ఇంజనుతో పాటు తిరిగి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్, ఉంటే సోలార్. ఖాళీ చేసేవి చాలా. ఆ రెండు వైపులా చూడకుండా ఎంత ఖరీదైన బ్యాటరీ తెచ్చినా పాత దాని గతే పడుతుంది.

కొనేముందు ఒక పూట పరీక్ష

మోటర్‌హోమ్‌లో బ్యాటరీ వ్యవస్థలు రెండు. ఇంజను స్టార్ట్ చేసేది ఒకటి, లోపల లైట్లు, నీళ్ళ పంపు, ఫర్నేసు నడిపేది ఇంకొకటి. ఇంజను బ్యాటరీ గురించి పెద్దగా ఆలోచించాల్సింది లేదు. మామూలు ట్రక్కు బ్యాటరీ, నాలుగైదేళ్ళకోసారి మార్చుకుంటే సరిపోతుంది. ఈ వ్యాసమంతా రెండోదాని గురించే.

ఇరవై డాలర్ల మల్టీమీటర్ ఒకటి కొనండి. ప్లగ్గు తీసేసి, బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్చి ఆఫ్ చేసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే కొలిస్తే నీళ్ళ బ్యాటరీలో (సీసపు పలకలు యాసిడ్‌లో మునిగి ఉండి, నీళ్ళు పోసుకునే రకం) 12.7 వోల్టులుంటే నిండా ఉన్నట్టు, 12.2 దగ్గరుంటే సగం, 12 కంటే కిందికి పోతే దాదాపు ఖాళీ. ఇప్పుడు ఆ స్విచ్చి ఆన్ చేసి, ప్లగ్గు పెట్టి మళ్ళీ కొలవండి. కాసేపటికి 13.2 పైకి ఎక్కాలి. ఎక్కకపోతే బ్యాటరీని తిట్టే ముందు ఫ్యూజులు చూడండి. ఎప్పుడో ఎవరో బ్యాటరీ తీగలు తిరగేసి పెట్టి ఉంటే కన్వర్టర్ మీద ఉండే రెండు రివర్స్ పొలారిటీ ఫ్యూజులు ఎగిరిపోయి ఉంటాయి. వాటి ఖరీదు రెండు డాలర్లు. తలుపు పక్కన "యూజ్", "స్టోర్" అని రాసి ఉండే స్విచ్చి వెనకాల రిలే కూడా పాత బండ్లలో తరచూ పాడవుతుంది. బ్యాటరీ బాగుంటుంది, కన్వర్టర్ బాగుంటుంది, మధ్యలో అది కలపదు.

ప్లగ్గు పెట్టి రెండు మూడు రోజులైనా వోల్టేజీ 13.2 - 13.6 మధ్యకి దిగకుండా పైనే ఉంటే మా బండి జబ్బే మీ బండికీ ఉంది. 1990లలో చాలా కంపెనీలు మాగ్నెటెక్ 6300 వరస కన్వర్టర్లు బిగించాయి. గట్టి వస్తువులే, పాతికేళ్ళు నడుస్తాయి. కానీ బ్యాటరీ నిండిందో లేదో వాటికి పట్టదు. వాటి కింది భాగం తీసేసి అదే చోట పట్టేలా ప్రోగ్రెసివ్ డైనమిక్స్ వాళ్ళ పీడీ4600 వరస దొరుకుతుంది. బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు 14.4, తర్వాత 13.6, బండి వాడకుండా ఊరకే ప్లగ్గులో ఉంటే 13.2కి తనంతట తనే దిగుతుంది. ఇరవై ఒక్క గంటలకోసారి పావుగంట సేపు వోల్టేజీ పెంచి లోపలి ద్రవాన్ని కదిలిస్తుంది కూడా. పాత బండి మీద నేను పెట్టిన ఖర్చుల్లో ఇంత బాగా ఫలించింది మరొకటి లేదు. మీ పాత కన్వర్టర్ ఒక్క వోల్టేజీతోనే తోసే రకమైతే, ఏ బ్యాటరీ ఎంచుకున్నా ముందు ఇది మార్చండి.

మిగిలింది దొంగ వాడకం. అన్నీ ఆఫ్ చేశామనుకున్నా ప్రొపేన్ లీకు డిటెక్టర్, ఫ్రిజ్ బోర్డు, రేడియో గడియారం, టీవీ యాంటెన్నా బూస్టర్ చిన్నగా తాగుతూనే ఉంటాయి. అన్నీ కలిసి అర ఆంపియర్ అనుకుందాం. రోజుకి 12 ఆంప్-అవర్లు (ఆంపియర్లని గంటలతో గుణిస్తే వచ్చే లెక్క). 220 ఆంప్-అవర్ల జత తొమ్మిది రోజుల్లో సగానికి పడిపోతుంది, నెల తిరిగేసరికి బొత్తిగా ఎండిపోతుంది. స్టోరేజీ లాట్‌లో నెలలు వదిలేసే వాళ్ళ బ్యాటరీలు ఏడాదికోసారి చచ్చిపోవడానికి కారణం ఎక్కువగా ఇదే. పార్క్ చేసేటప్పుడు నెగటివ్ తీగ విప్పేయండి, లేదా దాని మీద చిన్న కత్తి స్విచ్చి బిగించుకోండి.

బల్బులు మార్చండి, ఆ తర్వాత లెక్క వేయండి

పాత బండ్లలో పైకప్పు లైట్లకి 1141 నంబరు బల్బులుంటాయి. ఒక్కోటి ఆంపియరున్నర లాగుతుంది. ఆరు బల్బులు సాయంత్రం ఐదు గంటలు వెలిగితే 45 ఆంప్-అవర్లు పోయాయి. అదే సాకెట్లో పట్టే ఎల్ఈడీలు వేస్తే ఆరింటికీ కలిపి ఆరేడు ఆంప్-అవర్లు. బ్యాటరీ పెద్దది చేయడం కన్నా ఇది ఎంతో చవక, పైగా పదిహేను నిమిషాల పని.

చలి రాత్రి ఫర్నేసు ఫ్యాను ఏడెనిమిది ఆంపియర్లు తీసుకుంటుంది. ఆగుతూ నడుస్తూ రాత్రి మొత్తానికి ఐదు గంటలు నడిచిందనుకుంటే 40. నీళ్ళ పంపు, ఫ్రిజ్ బోర్డు, ఫోన్ల ఛార్జింగ్ కలిపి ఇంకో ఇరవై. అంటే ఎల్ఈడీలు వేశాక, కరెంటు లేని చోట ఒక చల్లని రాత్రికి మా నలుగురికీ దాదాపు 65 ఆంప్-అవర్లు కావాలి. మీ సంఖ్య మీరు వేసుకోండి. దీని తర్వాతే పోలిక.

నీళ్ళ బ్యాటరీ: అంటే గోల్ఫ్ కార్టు జత

పెద్ద దుకాణాల్లో "మెరీన్/ఆర్వీ" అని స్టిక్కరు వేసి అమ్మే గ్రూప్ 24, గ్రూప్ 27 బ్యాటరీలు ముందు పక్కన పెడదాం. అవి కాస్త ఇంజను స్టార్ట్ చేయడానికి, కాస్త లోపలి వాడకానికి అన్నట్టు చేసినవి. లోతుగా ఖాళీ చేసి మళ్ళీ నింపే పనికి వాటి పలకలు పలుచన. నీళ్ళ బ్యాటరీలో అసలైన సరుకు 6 వోల్టుల గోల్ఫ్ కార్టు బ్యాటరీ, జీసీ2 సైజు. రెండు వరసగా కలిపితే 12 వోల్టులు, 210 నుంచి 230 ఆంప్-అవర్లు. పలకలు మందం. ట్రోజన్ టీ-105 వీటిలో పేరున్నది, 225 ఆంప్-అవర్లు, ఒక్కోటి 28 కిలోలు. కాస్ట్‌కో, శామ్స్ క్లబ్ లాంటి చోట్ల మామూలు బ్రాండు జత 250 నుంచి 350 డాలర్ల మధ్య దొరుకుతుంది.

సగానికి మించి ఖాళీ చేయకూడదు అన్నది పాటిస్తే చేతికొచ్చేది 110 ఆంప్-అవర్లు. పైన చెప్పిన మా లెక్కలో ఒక రాత్రి హాయిగా, రెండో రాత్రి పొదుపుగా.

మన ఇళ్ళలో మెట్ల కింద ఇన్వర్టర్ బ్యాటరీకి నీళ్ళు పోసిన వాళ్ళెవరికైనా దీని పోషణ కొత్త కాదు. డిస్టిల్డ్ వాటరే పోయాలి. కుళాయి నీళ్ళు, తాగే మినరల్ వాటర్ వద్దు. ముందు పూర్తిగా ఛార్జి చేసి, తర్వాత పోయాలి. ఖాళీగా ఉన్నప్పుడు నిండా పోస్తే ఛార్జింగులో మట్టం పెరిగి యాసిడ్ పొంగుతుంది. పలకలు మాత్రం అప్పటికే బయటపడి ఉంటే, అవి మునిగేంత మాత్రం పోసి ఛార్జి పెట్టండి. టెక్సాస్, అరిజోనా ఎండల్లో నెలకోసారి, చల్లని చోట రెండు మూడు నెలలకోసారి మూతలు తీసి చూడాలి. టెర్మినళ్ళ మీద తెల్లగా, ఆకుపచ్చగా పట్టే చిలుముని వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఆరాక కాస్త వేసలిన్ రాయండి. వంటసోడా నీళ్ళు సెల్లు లోపలికి పోకూడదు, మూతలు బిగించి కడగండి. ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది నాలుగు శాతం చేరితే నిప్పురవ్వ చాలు. అందుకే ఇవి బయటికి గాలి తీసే పెట్టెలోనే ఉండాలి, మంచం కింద కాదు. కళ్ళద్దాలు లేకుండా మూతలు తీయకండి. మా నాన్నగారి చేతి మీద ఒక పాత యాసిడ్ మచ్చ ఉంది. అది చూసినప్పటి నుంచి నేను గ్లవ్సు మరచిపోలేదు.

వోల్టేజీ కన్నా నిజం చెప్పేది హైడ్రోమీటర్, అంటే యాసిడ్ సాంద్రత కొలిచే గొట్టం. ఆరు సెల్లుల్లోనూ నిండా ఛార్జి మీద 1.265 దగ్గర చూపించాలి. ఐదు బాగుండి ఒకటి 1.200 చూపిస్తే ఆ సెల్లు పోతున్నట్టే. సాంద్రత చూసి సెల్లు సెల్లుకీ జబ్బు పట్టుకునే ఈ వీలు ఏజీఎంలోనూ లేదు, లిథియంలోనూ లేదు.

దీని అసలు బలహీనత నీళ్ళు పోయడం కాదు. నిండడానికి పట్టే సమయం. సగం నుంచి ఎనభై, ఎనభై ఐదు శాతం దాకా గబగబా ఎక్కుతుంది. అక్కడి నుంచి చివరి పదిహేను శాతం గంటలు గంటలు తీసుకుంటుంది, ఛార్జర్ ఎంత పెద్దదైనా సరే. టెక్సాస్‌లోని బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌లో కాటన్‌వుడ్ క్యాంప్‌గ్రౌండ్‌లో హుకప్పులు (బండికి తగిలించుకునే కరెంటు, నీళ్ళ కనెక్షన్లు) లేవు, జనరేటర్ అసలు వేయకూడదు. జనరేటర్ వేయనిచ్చే చోట్ల కూడా గంటల పరిమితి ఉంటుంది. అలాంటి చోట మూడు నాలుగు రోజులుంటే సీసపు బ్యాటరీ ఒక్కసారీ నిండదు. నిండకుండా ఉన్నన్నాళ్ళూ పలకల మీద సల్ఫేటు గట్టిపడుతూ పోతుంది, సామర్థ్యం తగ్గుతూ పోతుంది. ఇంటికొచ్చి రెండు రోజులు ప్లగ్గులో పెడితే కొంత వెనక్కి వస్తుంది, మొత్తం రాదు.

ఏజీఎం

ఇది కూడా సీసపు బ్యాటరీయే. యాసిడ్‌ని గాజు నూలు చాపలు పీల్చుకుని పట్టుకుంటాయి కాబట్టి కారదు, నీళ్ళు అడగదు. ఊరకే ఉంచినా తనంతట తను ఖాళీ అవడం తక్కువ. సగం దాటి ఖాళీ చేయకూడదన్న నియమం దీనికీ ఉంది. నిండడానికి నీళ్ళ దాని కన్నా కాస్త తక్కువ సమయం. ఖరీదు మాత్రం అంతే ఆంప్-అవర్లకి రెట్టింపు దాకా. మళ్ళీ ఒక మాట: పాత కన్వర్టర్ ఎక్కువ వోల్టేజీతో ఉడకబెడితే నీళ్ళ బ్యాటరీలో మళ్ళీ నీళ్ళు పోయొచ్చు, ఏజీఎంలో పోయలేం. పోయింది పోయినట్టే. నీళ్ళ బ్యాటరీకి చేసే ఈక్వలైజేషన్, అంటే అప్పుడప్పుడూ 15 వోల్టులు దాటించి బుడగలెత్తించడం, తయారీదారు స్పష్టంగా చెప్తే తప్ప దీనికి చేయకూడదు.

నా ఉద్దేశంలో ఏజీఎం సరిపోయేది ఒకే రకం వాళ్ళకి: బ్యాటరీ ఉన్న చోట చేయి పెట్టడం కుదరని బండి ఉన్న వాళ్ళకి. మెట్టు కింద ట్రే అరచేయి మందం మాత్రమే బయటికి వచ్చే బండ్లున్నాయి. సీటు కింద, గదిలోపలే బ్యాటరీ పెట్టిన చిన్న బండ్లున్నాయి. అక్కడ నీళ్ళ బ్యాటరీ వేస్తే ఎవరూ నీళ్ళు పోయరు, గాలి బయటికి పోయే దారీ ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు ప్రతి నెలా కింద కూర్చుని మూతలు తీయలేరు, వాళ్ళకీ ఇది మంచిదే. మిగతా వాళ్ళు ఏజీఎంకి పెట్టే డబ్బుకి ఇంకొంచెం కలిపితే లిథియం వస్తుంది.

లిథియం

ఆర్వీల్లో వేసేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఫోన్లలో ఉండే రకం కాదు, దానికన్నా చాలా నిలకడైనది. 3.2 వోల్టుల సెల్లులు నాలుగు కలిసి 12.8 వోల్టులు. 100 ఆంప్-అవర్ల పెట్టె 11 నుంచి 14 కిలోలు. అందులో 80, 90 కూడా వాడుకోవచ్చు. అంటే 56 కిలోల గోల్ఫ్ కార్టు జత ఇచ్చేదానికి కాస్త తక్కువ, బరువు నాలుగో వంతు. వేల సార్లు ఖాళీ చేసి నింపొచ్చు. కొన్నేళ్ళ కిందట ఒక్కోటి తొమ్మిది వందల డాలర్లుండేది. ఇప్పుడు చైనా తయారీవి 200 - 300 డాలర్లకే వస్తున్నాయి, అమెరికాలో కూర్చినవి ఇంకా వాటికి రెండు మూడింతలు.

దీని అసలు గొప్పతనం బరువులో లేదు. దాదాపు నిండే దాకా ఛార్జర్ ఇచ్చినంతా తీసుకుంటుంది. 45 ఆంపియర్ల కన్వర్టర్‌తో జనరేటర్ రెండు గంటలు వేస్తే 80 ఆంప్-అవర్లు లోపలికి పోయాయి, అంతే. సగం నిండి ఉండిపోయినా దానికి నష్టం లేదు, అసలు అలా ఉంటేనే ఇష్టం. హుకప్పులు లేని చోట రోజుల తరబడి ఉండే వాళ్ళకి సీసం ఏ ధరకీ ఈ రెండూ ఇవ్వగలిగేది కాదు. పైన రెండు వందల వాట్ల సోలార్ ఉంటే, మంచి ఎండ రోజున యాభై అరవై ఆంప్-అవర్లు వెనక్కి వస్తాయి. కాటన్‌వుడ్‌లో జనరేటర్ లేకుండా నాలుగు రాత్రులు గడపడం అప్పుడు సాధ్యం.

ఇప్పుడు ప్రకటనల్లో పెద్దక్షరాలతో రాయని సంగతులు. "తీసేసి అదే చోట పెట్టేయండి" అన్నది పాత బండి విషయంలో సగం నిజం.

కన్వర్టర్ మొదటిది. లిథియం నిండాలంటే 14.2 నుంచి 14.6 వోల్టుల దాకా కావాలి, నిండాక ఆ వోల్టేజీని ఎక్కువసేపు పట్టి ఉంచకూడదు. పాత పెట్టె ఈ రెండూ చేయదు. కొత్త కన్వర్టర్లలో లిథియంకి మార్చుకోగల మోడల్ ఉందో లేదో చూసి కొనండి.

రెండోది ఇంజను. మా బండిలో ఇంజను నడుస్తున్నప్పుడు రెండు బ్యాటరీలనీ ఒక రిలే కలుపుతుంది. సీసపు బ్యాటరీ నిండే కొద్దీ తనే తక్కువ తీసుకుంటుంది. లిథియం అలా కాదు. తీగ లావుగా ఉంటే ఆల్టర్నేటర్ ఇవ్వగలిగినంతా గంటసేపు లాగుతుంది. ట్రాఫిక్‌లో ఇంజను నెమ్మదిగా తిరుగుతూ, గాలి తక్కువ తగులుతున్నప్పుడు ఆల్టర్నేటర్ కాలిపోయే వేడెక్కుతుంది. ఇంకో చిక్కు: నిండిన లిథియం ఊరకే ఉన్నా 13.3 వోల్టులు చూపిస్తుంది. వోల్టేజీ చూసి కలిపే రకం రిలేలు దాన్ని చూసి ఇంజను నడుస్తోందనుకుని రెండింటినీ కలిపే ఉంచుతాయి. రెండింటికీ మందు మధ్యలో 20 నుంచి 40 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ పెట్టడం, అంటే ఆల్టర్నేటర్ నుంచి లాగేదానికి హద్దు పెట్టే పెట్టె. అది ఇంకో వంద నుంచి రెండు వందల యాభై డాలర్లు.

మూడోది జనరేటర్. చాలా బండ్లలో ఓనన్ కంపెనీ జనరేటర్ స్టార్ట్ అయ్యేది ఇంటి బ్యాటరీతోనే. ఆ ఒక్క క్షణం అది లాగే కరెంటుకి చవక లిథియం లోపలి రక్షణ సర్క్యూట్ తలుపు మూసేస్తుంది. మొత్తం బండి చీకటి. కొనేముందు ఆ సర్క్యూట్ క్షణకాలం ఎంత తట్టుకుంటుందో చూడండి, లేదా రెండు బ్యాటరీలు పక్కపక్కన కలపండి.

గోడ మీద నాలుగు లైట్లతో బ్యాటరీ మట్టం చూపించే పాత ప్యానెల్ ఇక పనికిరాదు. లిథియం వోల్టేజీ దాదాపు చివరి దాకా ఒకే తీరున ఉండి ఒక్కసారిగా పడిపోతుంది. లోపలికెంత పోయిందో, బయటికెంత వచ్చిందో లెక్కపెట్టే షంట్ మీటర్ పెట్టుకోవాలి.

ఇవన్నీ కలిపితే 250 డాలర్ల బ్యాటరీ ఏడు, ఎనిమిది వందల పని అవుతుంది. అది తప్పని నేననడం లేదు. ముందే తెలిసి దిగాలి.

చలి, ఎండ

లిథియంని సున్నా డిగ్రీల సెల్సియస్ కింద ఛార్జి చేయకూడదు. చేస్తే లోపల లోహపు పూత పేరుకుని శాశ్వతంగా పాడవుతుంది. వాడుకోవడం పర్వాలేదు, నింపడమే కూడదు. చలిలో ఛార్జింగు తనే ఆపే రక్షణ ఉన్నవే కొనండి, చవకవాటిలో కొన్నింటికి అది ఉండదు. మిషిగన్, మినసోటా, న్యూజెర్సీ వాళ్ళు బ్యాటరీని గది లోపలికి మార్చుకోవాలి, లేదా లోపల హీటర్ ఉన్న రకం తీసుకోవాలి.

సీసానికి చలిలో ప్రమాదం వేరు. నిండా ఛార్జి ఉంటే మైనస్ 50 సెల్సియస్‌కి కూడా గడ్డకట్టదు. ఖాళీగా ఉంటే మైనస్ 7 దగ్గరే లోపలి ద్రవం గడ్డకట్టి డబ్బా పగులుతుంది. 2021 ఫిబ్రవరి 16న డాలస్‌లో మైనస్ 2 ఫారెన్‌హీట్ దాకా పడిపోయింది, అంటే మైనస్ 19 సెల్సియస్. మా స్టోరేజీ లాట్‌లో ఛార్జి లేకుండా వదిలేసిన బ్యాటరీలు ఎన్నో ఆ వారంలో పగిలాయి. మాది నిండా ఉంచి తీగ విప్పి ఉండటంతో బతికింది.

ఎండ మాత్రం సీసాన్ని నెమ్మదిగా, తప్పకుండా తింటుంది. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీల సెల్సియస్‌కీ ఆయుష్షు సగమవుతుందన్నది ఈ పనిలో ఉన్న వాళ్ళందరూ పాటించే లెక్క. లిథియంకీ వేడి మంచిది కాదు. వేసవంతా బండి వదిలేసేటట్టయితే లిథియంని నిండా కాకుండా సగం దగ్గర ఉంచి తీగ విప్పేయండి, సీసాన్ని నిండా ఉంచండి. రెండింటికీ నియమం ఎదురెదురు, గుర్తుపెట్టుకోండి.

మరి మీరేది వేయాలి

ఏడాదికి నాలుగైదు ట్రిప్పులు, అవీ ఎక్కువగా కరెంటు హుకప్పులున్న పార్కుల్లో. అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఏసీ లేకుండా కుదరదు కాబట్టి ప్లగ్గు ఉన్న చోటే దిగుతాం అనే వాళ్ళు గోల్ఫ్ కార్టు జత వేసుకోండి. మనవాళ్ళలో ఎక్కువ మంది ఈ వరసే. అక్కడ లిథియం నిద్రపోతూ ఉంటుంది. మిగిలిన ఐదు వందలతో కొత్త కన్వర్టర్, ఎల్ఈడీలు, ఇంకా మిగిలితే టైర్ల ఫండు.

మూడు రాత్రులకి పైగా కరెంటు లేని చోట తరచూ ఉంటారు, బండి ఇంకో ఐదేళ్ళైనా ఉంచుకుంటారు అంటే లిథియం, పైన చెప్పిన సామగ్రితో సహా. రెండేళ్ళలో అమ్మేసే బండిలో వేయకండి. పాత బండి కొనేవాడు బ్యాటరీకి అదనంగా ఇచ్చేది చాలా తక్కువ.

చేయి పట్టని చోట, గాలి ఆడని చోట ఏజీఎం.

ఏది వేసినా కలిపి కట్టిన బ్యాటరీల్లో పాతదీ కొత్తదీ కలపకండి, రెండు రకాలు కలపకండి. జతలో ఒకటి పోతే రెండూ మార్చాలి. ఇంజను బ్యాటరీ మాత్రం సీసంగానే ఉండనివ్వండి.

డబ్బు తక్కువైతే ముందు ఏది, ఎవరి చేత

బ్యాటరీ పోతే ఒక ట్రిప్పు పాడవుతుంది. పైకప్పు కారితే బండే పాడవుతుంది. పాత ఆర్వీ గోడలు ఎక్కువగా చెక్క చట్రాలు, ఒక్క వానాకాలం నీళ్ళు దిగినా లోపల కుళ్ళి, బయటి పలక ఉబ్బుతుంది. ఆరు నెలలకోసారి నిచ్చెన ఎక్కి వెంట్లు, అంచులు, ఏసీ చుట్టూ సీలు పగిలిందేమో చూడండి. రబ్బరు పైకప్పుకి దానికోసం చేసిన ల్యాప్ సీలంట్ వాడండి, బజారు సిలికాన్ వద్దు, దాని మీద తర్వాత ఏదీ అంటుకోదు. ఆ తర్వాత టైర్లు. గాడి ఎంత లోతున్నా వయసు చూడాలి. టైరు పక్కన డీఓటీ అక్షరాల చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేడేళ్ళు దాటితే ఆ టైరు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని హైవే ఎక్కకండి. బ్యాటరీ మూడోది.

నీళ్ళు పోయడం, చిలుము కడగడం, బల్బులు, బ్యాటరీ మార్పు మీరే చేసుకోగలరు. విప్పే ముందు తీగల ఫోటో తీసి, ప్రతిదానికీ టేపు మీద పేరు రాయండి. నెగటివ్ ముందు విప్పాలి, చివర బిగించాలి. పానాకి టేపు చుట్టుకుంటే పొరపాటున రెండు టెర్మినళ్ళకీ తగలదు. కన్వర్టర్ దగ్గర 120 వోల్టులుంటాయి కాబట్టి ప్లగ్గు, జనరేటర్, ఇన్వర్టర్ మూడూ ఆపనిదే మూత తీయకండి. ఆ పనికి చేయి ఆడకపోతే ఇంటికొచ్చి చేసే మొబైల్ ఆర్వీ టెక్నీషియన్‌ని పిలవండి. ఆర్వీ షాపులు చాలా చోట్ల గంటకి 150 డాలర్లు దాటాయి, పైగా వేసవిలో బండి వారాలు అక్కడే ఉండిపోతుంది. ఇంజను, బ్రేకులు, ఆల్టర్నేటర్ లాంటి పనులకి అసలు ఆర్వీ షాపు అక్కర్లేదు. ఫోర్డ్ ఈ-450 అంటే డెలివరీ వ్యాన్లకీ అదే ఛాసిస్. పెద్ద బండ్లు చూసే ట్రక్కు మెకానిక్కు సగం ధరకి చేస్తాడు, ఆ ఇంజను అతను రోజూ చూసేదే. ముందు ఫోన్ చేసి, మీ బండి ఎత్తు, బరువు చెప్పి లిఫ్టు పడుతుందో లేదో అడగండి.

ఏ షాపుకి వెళ్ళినా, బ్యాటరీ పోయిందని చెప్తే ఒక ప్రశ్న అడగండి: "ఛార్జింగ్ వోల్టేజీ ఎంత చూపిస్తోంది, మూడు రోజుల తర్వాత ఎంత?" జవాబు లేకపోతే ఇంకో షాపు.

చివరగా దుకాణంలో నీళ్ళ బ్యాటరీ తీసుకునేటప్పుడు తేదీ కోడ్ చూడండి. చాలా కంపెనీలు ఒక అక్షరం, ఒక అంకె కొడతాయి: ఏ అంటే జనవరి, బీ అంటే ఫిబ్రవరి, అంకె సంవత్సరానికి చివరిది. ఆరు నెలలు పైబడి షెల్ఫులో కూర్చున్నది వద్దు, ఛార్జి లేకుండా ఉండి అప్పటికే సల్ఫేటు పట్టి ఉంటుంది. జతలో రెండింటి మీదా ఒకే కోడ్ ఉండేలా వెనక నుంచి తీయించండి. పాత బ్యాటరీలు కారు డిక్కీలో ప్లాస్టిక్ టబ్బులో నిలబెట్టి తీసుకెళ్ళండి. తిరిగి ఇవ్వకపోతే కోర్ ఛార్జి అని ఒక్కోదానికి పదిహేను, ఇరవై డాలర్లు ఎక్కువ వేస్తారు.